మూడడుగుల అక్వేరియానికి ఇంట్లోనే గట్టి చెక్క స్టాండ్

అక్వేరియం కొనేటప్పుడు చేపల ధర అడుగుతాం, ఫిల్టర్ ధర అడుగుతాం, లైటు ధర అడుగుతాం. బరువెంతని అడిగేవాళ్ళు తక్కువ. ఖాళీ ట్యాంకును షాపువాళ్ళు ఇద్దరు ఎత్తి ఆటోలో పెట్టేస్తారు కాబట్టి, ఇంట్లో ఉన్న పాత టీవీ బల్ల సరిపోతుందిలే అనిపిస్తుంది. నీళ్ళు పోశాక కథ మారిపోతుంది.

మన దగ్గర ట్యాంకుల కొలతలు అడుగుల్లోనే చెప్తారు కాబట్టి లెక్క తేలికే. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. లీటరు నీళ్ళంటే కిలో బరువు. 3 అడుగుల పొడవు, 1½ అడుగుల వెడల్పు, 1½ అడుగుల ఎత్తు ఉన్న ట్యాంకు 6.75 ఘనపుటడుగులు, అంటే అంచుదాకా నింపితే 191 లీటర్లు. పైన ఒకటిన్నర అంగుళం వదిలేస్తాం, అడుగున ఇసుకో గులకరాళ్ళో పోస్తాం. 10 ఎంఎం అద్దంతో చేసిన ట్యాంకైతే అద్దమే 40 కిలోల పైమాట. అన్నీ కలిపితే 260 కిలోల దాకా వస్తుంది. నలుగురు పెద్దవాళ్ళు ఒక బల్లెక్కి కూర్చుని ఏళ్ళ తరబడి దిగనట్టన్నమాట. పార్టికల్ బోర్డు టీవీ యూనిట్లు, చెప్పుల అల్మరాలు దీనికి పనికిరావు. నీళ్ళు తగిలితే ఆ బోర్డు ఉబ్బుతుంది, ఉబ్బిన చోట స్క్రూ పట్టు వదిలేస్తుంది.

ఈ మూడడుగుల ట్యాంకుకే స్టాండ్ ఎలా చేసుకోవాలో కింద చెప్తున్నాను. రెండడుగుల ట్యాంకైతే ఇదే పద్ధతిలో పొడవు తగ్గించుకుంటే చాలు. నాలుగడుగులదైతే ఏం మార్చాలో చివర్లో ఉంది.

ముందు ఒక్క సంగతి

స్టాండ్‌లో బరువు కర్ర మీంచి కర్రలోకి, అక్కణ్ణుంచి నేలలోకి దిగాలి. స్క్రూల మీద వేలాడకూడదు. చాలామంది కాళ్ళు నిలబెట్టి, వాటి పక్కన అడ్డ కర్రలు ఆనించి స్క్రూలు బిగిస్తారు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది కానీ, ట్యాంకు బరువంతా ఆ నాలుగు మూలల స్క్రూల మీదే పడుతుంది. పై చట్రాన్ని కాళ్ళ తలల మీద కూర్చోబెడితే స్క్రూలకు మిగిలే పని ముక్కల్ని కదలకుండా పట్టుకోవడమే. ఈ స్టాండ్ మొత్తం ఆ లెక్కలోనే ఉంటుంది.

చోటు చూసుకోవడం

గోడ వారగా, వీలైతే దూలం ఉన్న వైపు పెట్టండి. ఇళ్ళ గదులకు మన ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు 200 కిలోల భారం లెక్కేసి శ్లాబు డిజైన్ చేస్తారు. మన ట్యాంకు అర చదరపు మీటరు కూడా లేని చోట 260 కిలోలు పెడుతుంది. శ్లాబు ఆ బరువును చుట్టూ పంచుకుంటుంది కాబట్టి, మంచి ఆర్‌సీసీ ఇంట్లో మూడడుగుల ట్యాంకుకు భయపడక్కర్లేదు. అయినా గది నట్టనడుమ పెట్టడం కంటే గోడ పక్కన మేలు. కర్ర దూలాల పాత మిద్దెల్లో పై అంతస్తు మీద పెట్టాలనుకుంటే మాత్రం ఇంజనీరును అడక్కుండా ముందుకెళ్ళొద్దు.

కాళ్ళు వచ్చే నాలుగు చోట్లా టైలును రూపాయి బిళ్ళతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు సరిగ్గా పడలేదన్నమాట. బరువు పడితే ఆ టైలు పగలొచ్చు. చోటు అరడుగు జరుపుకోండి.

ఎండ నేరుగా పడే కిటికీ పక్కన వద్దు, నాచు పట్టి విసిగిస్తుంది. స్విచ్ బోర్డు దగ్గరుండాలి గానీ ట్యాంకు వెనకే ఉండకూడదు.

కర్ర, ప్లైవుడ్

చట్రానికి 3 × 2 అంగుళాల కర్ర, 10 అడుగుల ముక్కలు మూడు. అడితిలో ఘనపుటడుగుల లెక్కన ఇస్తారు కాబట్టి, 30 అడుగులకు ఒకటింపావు ఘనపుటడుగు అవుతుందని గుర్తుపెట్టుకోండి. టేకు అక్కర్లేదు. వేప, మద్ది, సాల్ ఏదైనా సరే, ఎండిన కర్ర కావాలి. పచ్చి కర్ర మూడు నెలల్లో మెలి తిరుగుతుంది, దాంతోపాటు మీ చట్రమూ తిరుగుతుంది. ఎండిందో లేదో తెలియకపోతే రెండు ముక్కలు చేతుల్లోకి తీసుకుని తూచి చూడండి. ఒకే సైజు ముక్కల్లో ఒకటి బాగా బరువుగా, తాకితే చల్లగా ఉంటే దాంట్లో తడి ఉన్నట్టే.

ప్రతి ముక్కనూ ఒక చివర కంటి దగ్గర పెట్టుకుని రెండో చివరి దాకా చూడండి. వంపు వెంటనే కనిపిస్తుంది. “అన్నా, చేవ ఉన్నది చూసివ్వు, ముడులున్నది వద్దు” అని గట్టిగానే అడగండి. అంచుల్లో తెల్లగా కనిపించేది చేవ లేని భాగం, చెదలు ముందు పట్టేది దాన్నే. పెద్ద ముడి కర్ర మధ్యలో ఉంటే ఆ ముక్క పక్కన పెట్టేయండి.

అక్కడే నాలుగు వైపులా మిషన్ మీద చిత్రిక పట్టించుకోండి. పట్టాక 3 × 2 కాస్తా 2¾ × 1¾ దగ్గర తేలుతుంది. కింది కొలతలన్నీ దాని మీదే వేశాను. మీ కర్ర అటూ ఇటూగా తేలితే ముందు దాన్ని కొలిచి, తర్వాత లెక్క సరిచేసుకోండి.

ప్లైవుడ్ 12 ఎంఎంది 8 × 4 షీట్ ఒకటి, పైన పరవడానికి 19 ఎంఎంది 37 × 18½ అంగుళాల ముక్క ఒకటి. రెండోదానికి పూర్తి షీట్ కొనకండి, ప్లైవుడ్ షాపుల్లో కట్ పీసులు దొరుకుతాయి. రెండూ ఐఎస్ 710 ముద్ర ఉన్న వాటర్‌ప్రూఫ్ రకమే తీసుకోండి. ఐఎస్ 303 ఎంఆర్ గ్రేడ్ తేమను కొంత తట్టుకుంటుంది గానీ నీళ్ళు నిలిస్తే పొరలు లేస్తుంది. అక్వేరియం దగ్గర నీళ్ళు ఒలకని వారం ఉండదు.

ఇక స్క్రూలు. జిప్సమ్ బోర్డులకు వాడే నల్ల స్క్రూలు చౌక అని తీసుకోకండి, అవి తుప్పు పడతాయి, గట్టి కర్రలో తల ఊడి చేతికొస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలువి, 3 అంగుళాలవి చట్రానికి, 1½ అంగుళాలవి ప్లైవుడ్‌కు, కాళ్ళకు 4 అంగుళాలవి ఎనిమిది. జిగురు ఫెవికాల్ మెరైన్, అంటే నీళ్ళకు తట్టుకునే రకం.

ముక్కలు కోయడం

పొడుగు కర్రలు 36 అంగుళాలవి నాలుగు (పైన రెండు, కింద రెండు).
అడ్డ కర్రలు 14½ అంగుళాలవి ఆరు (పైన మూడు, కింద మూడు).
కాళ్ళు 23¾ అంగుళాలవి నాలుగు.

మూడు పదడుగుల ముక్కల్లో ఇవన్నీ సరిపోతాయి. మొదటి దాంట్లో మూడు పొడుగు కర్రలు. రెండో దాంట్లో ఒక పొడుగు కర్ర, మూడు కాళ్ళు. మూడో దాంట్లో మిగిలిన కాలు, ఆరు అడ్డ కర్రలు.

కోతలో ఎక్కువ జాగ్రత్త కాళ్ళకే. నాలుగూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే పొడవుండాలి. ఒక్కొక్కటీ టేపుతో కొలిచి కోస్తే నాలుగూ నాలుగు రకాలవుతాయి. మొదటిది కోశాక దాన్నే కొలబద్దగా పెట్టి మిగతా మూడూ గీసుకోండి. నాలుగూ అయ్యాక గ్రానైట్ గట్టు మీద పక్కపక్కన నిలబెట్టి, తలల మీద వేలితో రాయండి. ఎక్కడైనా మెట్టు తగిలితే పొడుగున్నదాన్ని గరుకు కాగితంతో దించండి. మూలమట్టం పెట్టి గీయకుండా రంపం పట్టొద్దు. కాలు చివర వాలుగా తెగితే బరువు ఒక అంచు మీదే పడుతుంది.

12 ఎంఎం షీట్లోంచి వెనక పలక 37 × 29¼ ఒకటి, పక్క పలకలు 18 × 29¼ రెండు, లోపలి అర 36 × 18 ఒకటి, తలుపులు 18¼ × 28½ రెండు. వెనక పలక, రెండు పక్క పలకలు, ఒక తలుపు షీట్ పొడవునా వరసగా ఒక పట్టీలో తీయండి. మిగిలిన పట్టీలో అర, రెండో తలుపు వస్తాయి. ఇవన్నీ షాపులో మిషన్ మీదే కోయించుకోండి. చేతి రంపంతో ప్లైవుడ్ నిటారుగా కోయడం చెయ్యి తిరిగిన వడ్రంగికే కష్టం.

చట్రాలు

చదునైన నేల మీద రెండు పొడుగు కర్రలు నిలువుగా పెట్టండి. నిలువుగా అంటే 2¾ అంగుళాల వైపు పైకి లేచి ఉండాలి, పడుకోబెట్టకూడదు. కర్ర వంగకుండా నిలబడే శక్తి దాని ఎత్తు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అదే కర్రను నిలబెడితే పడుకోబెట్టినదానికంటే రెండింతల పైగా బిగువుగా ఉంటుంది. పైసా ఖర్చు లేని బలం ఇది.

రెండు పొడుగు కర్రల మధ్య రెండు చివర్లా అడ్డ కర్రలు, మూడోది సరిగ్గా నడుమ. అతుకుల్లో జిగురు రాసి, పొడుగు కర్ర బయటి నుంచి ఒక్కో అతుకుకు 3 అంగుళాల స్క్రూలు రెండేసి. ముందు 3 ఎంఎం బిట్‌తో రంధ్రం వేసుకోకుండా బిగించొద్దు, కర్ర చివర చీలుతుంది. వేప, సాల్ లాంటి గట్టి కర్రల్లో స్క్రూ మధ్యలో బిగుసుకుపోతుంటే దాని మరలకు సబ్బు ముక్క రాసి చూడండి, హాయిగా దిగుతుంది.

జిగురు తడిగా ఉండగానే మూల నుంచి మూలకు కొలవండి. రెండు మూలల కొలతలూ సమానంగా 40¼ అంగుళాల దగ్గర ఉండాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే చట్రం పక్కకి వాలిందన్నమాట. ఎక్కువ ఉన్న మూలలను రెండు చేతులతో లోపలికి నొక్కితే సర్దుకుంటుంది. రెండో చట్రమూ ఇలాగే.

నడుమ ఉన్న అడ్డ కర్ర ఒక్కటే స్క్రూల మీద వేలాడుతుంది కదా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే. కానీ దాని పని పైన పరిచే ప్లైవుడ్ నడుమ కుంగకుండా చూడటమే. బరువులో ఎక్కువ భాగం చుట్టూ ఉన్న కర్రలదే.

కాళ్ళు నిలబెట్టడం

స్టాండును తలకిందులుగా కట్టండి. పై చట్రాన్ని బోర్లించి చదునైన నేల మీద పెడితే ట్యాంకు కూర్చునే వైపు నేలంత చదునుగా వస్తుంది. నాలుగు మూలల్లో కాళ్ళు నిలబెట్టి, వాటి మీద కింది చట్రం పెట్టండి.

కాలు ఏ వైపు తిప్పి పెట్టాలన్నది ఇక్కడ ముఖ్యం. 2¾ అంగుళాల వైపు ముందు నుంచి వెనక్కి ఉండాలి. అప్పుడు కాలు తల మీద పొడుగు కర్ర 1¾ అంగుళాలు, అడ్డ కర్ర ఒక అంగుళం ఆనుతాయి. అడ్డంగా తిప్పితే పొడుగు కర్ర మాత్రమే ఆనుతుంది, అడ్డ కర్ర గాలిలో ఉండిపోతుంది.

అతుకులకు జిగురు రాసి, చట్రం మీంచి కాలి లోపలికి 4 అంగుళాల స్క్రూ ఒక్కొక్కటి. అంతకుముందు పక్క నుంచి వేసిన స్క్రూలకు తగలకుండా కొంచెం తప్పించి వేయండి. కింది చట్రం అయ్యాక తిరగేసి, పై చట్రం వైపు కూడా అలాగే. ఇప్పుడు స్టాండ్ పట్టుకుని ఊపితే కాస్త ఊగుతుంది. కంగారుపడకండి, ఆ ఊపు ఆపడం పలకల పని.

పలకలు

పక్క పలకలు ముందు, తర్వాత వెనక పలక. కర్ర మీద జిగురు పాముగా పిండి, వేలితో సమంగా పూసి, పలక ఆనించి, ఆరంగుళాలకొక 1½ అంగుళాల స్క్రూ. ప్రతి పలకా పై చట్రాన్నీ కాళ్ళనీ కింది చట్రాన్నీ మూడింటినీ కలిపి పట్టుకోవాలి. బిగించాక మళ్ళీ ఊపి చూడండి. తేడా చేతికే తెలుస్తుంది. నాలుగు కాళ్ళ బల్లను ట్యాంకు కింద వాడినప్పుడు వచ్చే అసలు ప్రమాదం కాళ్ళు విరగడం కంటే మొత్తం పక్కకి ఒరగడం. పలకలు ఆపేది దాన్నే. వైర్లు, పైపుల కోసం వెనక పలకలో పై మూలన అరచేయి పట్టేంత రంధ్రం చాలు, పలకను సగం కోసేయకండి.

పలకల పై అంచులు చట్రం కంటే పైకి లేవకూడదు. లేస్తే బరువు 12 ఎంఎం ప్లైవుడ్ అంచు మీద పడుతుంది. లేచిన చోట చిత్రికతో దించండి.

ఆ తర్వాత 19 ఎంఎం ముక్కను పైన పరిచే ముందు ఒక పరీక్ష. చట్రం నాలుగు మూలల నుంచి రెండు దారాలు ఎదురెదురుగా గట్టిగా లాగి కట్టండి. నడుమ కలిసే చోట రెండూ ఒకదాన్నొకటి ముట్టీ ముట్టనట్టు ఉండాలి. తర్వాత కింది దారాన్ని పైకి మార్చి మళ్ళీ చూడండి. ఒకసారి ఒత్తుకుని, ఒకసారి సందు వస్తే చట్రం మెలి తిరిగింది. ట్యాంకు ఒక పక్కకి కొంచెం వాలినా అద్దం ఓర్చుకుంటుంది. మెలి తిరిగిన పీట మీద మాత్రం ఓర్చుకోదు, సిలికాన్ అతుకు విడిపోతుంది లేదా అడుగు అద్దం మూల నుంచి పగులుతుంది. లేచిన మూలను చిత్రిక పట్టి దించాకే ప్లైవుడ్ బిగించండి. స్క్రూ తలలు ఉపరితలం కంటే లోపలికి దిగాలి, ఆ గుంటల్లో పుట్టీ నింపి గరుకు కాగితం పట్టాలి. బయటికి పొడుచుకొచ్చిన ఒక్క స్క్రూ తల చాలు అద్దం పగలడానికి.

పూత

జిగురు ఆరడానికి ఒక రోజు వదిలి, మొత్తం రుద్ది, ప్రైమరు, ఎనామిల్ రెండు పూతలు. లేదా పాలియురిథేన్ వార్నిష్ మూడు పూతలు. లోపలి వైపు ఎవరు చూస్తారని వదిలేయకండి, ఫిల్టర్ కారేది లోపలే. ప్లైవుడ్ తెగిన అంచులు నీళ్ళు తాగేస్తాయి, వాటికి ఒక పూత ఎక్కువే వేయండి. పెయింటు వాసన పూర్తిగా పోయేదాకా చేపల్ని దగ్గరికి తేవద్దు. ఎయిర్ పంప్ గదిలోని గాలినే నీళ్ళలోకి తోస్తుంది.

లోపలి అరకు నాలుగు మూలలా కాళ్ళ మేరకు గాట్లు కోసి కింది చట్రం మీద పరవండి. తలుపులకు మామూలు బందులు చాలు. తలుపులో గుంట తవ్వి బిగించే ఆటో హింజెస్‌కు 12 ఎంఎం మందం సరిపోదు.

చోట్లో కూర్చోబెట్టడం

మన ఇళ్ళలో నేల తుడుస్తాం, పండగలకు కడుగుతాం. కర్ర నేరుగా నేల మీద కూర్చుంటే ఆ తడి పీల్చుకుంటుంది, వెనకే చెదలు వస్తాయి. గ్రానైట్ షాపు బయట పారేసిన ముక్కల్లోంచి నాలుగంగుళాల చదరాలు నాలుగు ఏరుకొచ్చి, సరిగ్గా కాళ్ళ కిందికి వచ్చేలా చట్రం మూలల కింద పెట్టండి.

ఇప్పుడు రసమట్టం. పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు చూడండి. నీళ్ళు పోవడానికని మేస్త్రీలు నేలకు కాస్త వాటం ఇస్తారు కాబట్టి ఎంత మంచి ఇంట్లోనైనా తేడా వస్తుంది. పల్లంగా ఉన్న వైపు గ్రానైట్ కింద పలచని ప్లాస్టిక్ లేదా అల్యూమినియం ముక్కలు దోపండి. అట్టముక్కలు, మడతపెట్టిన పేపరు తడికి నలిగిపోతాయి. దోపేది ఎప్పుడూ స్టాండ్ కిందే, ట్యాంకుకూ స్టాండుకూ మధ్య కాదు.

ట్యాంకు అడుగు అద్దం నేరుగా పీట మీద ఆనే రకమైతే కింద అరంగుళం థర్మోకోల్ షీట్ పరవండి, చిన్న చిన్న గరుకులను అది మింగేస్తుంది. అడుగున ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉండి అద్దం పైకి లేచి ఉన్న రకమైతే థర్మోకోల్ పెట్టకూడదు, అది అద్దాన్ని కింది నుంచి పైకి నెడుతుంది. ట్యాంకు అంచులు కర్రల మీదికి వచ్చేలా, రెండు పక్కలా, వెనకా అరంగుళం వదిలి, ముందు అంచుకు సమంగా పెట్టండి.

నీళ్ళు ఒక్కసారిగా నింపొద్దు. పావు వంతు పోసి రసమట్టం చూడండి, సగానికి వచ్చాక మళ్ళీ. నిండాక రసమట్టంతో పనిలేదు, నీళ్ళే చెప్తాయి. నాలుగు మూలల్లో పై అంచు నుంచి నీళ్ళ దాకా కొలవండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఫరవాలేదు. పావంగుళం దాటితే ఖాళీ చేసి సరిచేయాల్సిందే. నీళ్ళున్న ట్యాంకును, స్టాండుతో సహా, ఒక్క అంగుళం కూడా జరపొద్దు. చేపలు వేయకుండా రెండు రోజులు వదిలేసి మళ్ళీ కొలవండి.

పవర్ స్ట్రిప్‌ను అర మీద పడేయకుండా పక్క పలకకు లోపల ఎత్తులో బిగించండి. ట్యాంకు నుంచి వచ్చే ప్రతి వైరూ ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకెళ్ళాలి. అప్పుడు వైరు వెంట జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్‌లోకి వెళ్ళదు.

నాలుగడుగులదైతే, ఇనుముతో అయితే

4 × 1½ × 2 అడుగుల ట్యాంకు 340 లీటర్లు. దానికి పొడుగు కర్రలు 4 × 2 అంగుళాలవి తీసుకుని, ముందూ వెనకా నడుమన ఒక్కో కాలు అదనంగా పెట్టండి. నడుమ కాలు తలుపులకు అడ్డమని తీసేయాలనిపిస్తుంది. తీయకండి.

చెక్క పని మీ వల్ల కాదనుకుంటే వెల్డింగ్ షాపులో ఒకటిన్నర అంగుళాల చదరపు పైపు, 16 గేజ్ మందంది, పెట్టి చేయించుకోవడం తప్పేం కాదు. అక్కడా పై చట్రం కాళ్ళ మీద కూర్చోవాలనే చెప్పండి. వెనక వైపు ఒక ఏటవాలు పట్టీ, పైన 19 ఎంఎం ప్లైవుడ్ అక్కడా కావాలి. తెచ్చుకునే ముందు వెల్డింగ్ గడ్డలన్నీ గ్రైండర్‌తో సాపు చేయించి, చేత్తో తడిమి చూసి, రెడ్ ఆక్సైడ్ పూత అతుకుల సందుల్లోకి కూడా వెళ్ళిందో లేదో మీరే వంగి చూసుకోండి. తుప్పు మొదలయ్యేది ఆ సందుల్లోనే.